పోగును కట్టేదెవరు?

ప్రశ్న: పచ్చి పత్తికాయ కోస్తే లోపల తడి గుజ్జు. అది దూదెలా అవుతుంది సార్?
– ఒక రైతు, ఆదోని

జవాబు: ఆదోని యార్డులో మా నాయన పత్తి మూటల మీద కూర్చుని పోగులు పీకినవాణ్నే నేనూ. ఒక్కో పోగు ఒకే ఒక్క కణమని అప్పుడు తెలీదు! గింజ తొక్క మీద పుట్టి సుమారు మూడు సెంటీమీటర్లు సాగుతుంది. దాని పొరలో, దూదికి మూలపదార్థమైన సెల్యులోజ్‌ను తయారుచేసే సెల్యులోజ్ సింథేజ్ ఎంజైములు ఆరు రేకుల పువ్వులా గుంపుగా ఉంటాయి. కణం లోపలి గ్లూకోజును ఒకదానికొకటి తగిలిస్తూ సెల్యులోజ్ గొలుసును బయటికి తోస్తాయి; పోగు గోడను కట్టేవి ఆ గొలుసులే. పత్తి పువ్వు విచ్చిన 16-20 రోజులకు ఆ గోడ మందమెక్కడం జోరందుకుంటుంది. మొక్కల్లో ఈ ఎంజైము జన్యువులు 1996లో మొదట దొరికిందీ పత్తిలోనే. కాయ పగిలాక కణం చచ్చి, ఎండి, రిబ్బన్‌లా మెలితిరుగుతుంది. నూలు వడికేటప్పుడు పట్టు చిక్కేది ఆ మెలికల వల్లే.