టండ్రాలో గూళ్లు పరిశీలించబోయే చిరంజీవికి

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

ఈ వేసవిలో సైబీరియా ఉత్తరాన ఉన్న తైమీర్ ద్వీపకల్పానికి, పక్షుల సంతానోత్పత్తిని పరిశీలించడానికి వెళ్తున్నావని తెలిసి ఎంతో సంతోషించాను. ఎన్నో వేసవులు టండ్రాలో గడిపినవాడిని కనుక ముందుగా ఒక మాట చెప్తాను. గూళ్లు లెక్కపెట్టడంతో నీ పని పూర్తయినట్లు కాదు. ఆ గూళ్లు నిలవడానికైనా, పాడవడానికైనా కారణమయ్యే మంచును, లెమ్మింగులనే ఎలుకజాతి చిన్న జంతువులను, నక్కలను, వాతావరణాన్ని ప్రతిరోజూ ఒకే పద్ధతిలో రాసిపెట్టినప్పుడే ఆ లెక్కకు అర్థం ఏర్పడుతుంది.

వీలైతే పక్షుల కంటే ముందే అక్కడికి చేరుకో. ఒక ఎత్తైన చోటు ఎంచుకుని, రోజూ అక్కడే నిలబడి, నేల ఎంత భాగం మంచు వీడిందో అంచనా వేసి రాయి. సగం నేల బయటపడిన తేదీ ఆ ఋతువు మొత్తానికీ కీలకం. మంచు ఆలస్యంగా కరిగిన ఏడాదిలో గూళ్లన్నీ బయటపడిన కొద్దిపాటి నేల మీదే గుమిగూడతాయి కనుక నక్కకు వెతుకులాట సులువవుతుంది, పెద్దబాతుల్లో కొన్ని తక్కువ గుడ్లు పెడతాయి, కొన్ని అసలు పెట్టవు. ఈశాన్య గ్రీన్‌లాండ్‌లోని జాకెన్‌బర్గ్‌లో 2018లో విపరీతంగా కురిసిన మంచు ఎంతకూ కరగకపోవడంతో మొక్కలూ జంతువులూ చాలావరకు సంతానం లేకుండానే ఆ వేసవిని దాటాయి. అలాగని మంచు త్వరగా కరిగితే అంతా మేలేనని అనుకోకు. పురుగులు విరివిగా వచ్చే రోజులు ముందుకు జరిగి, పిల్లలు పుట్టేసరికి తిండి తగ్గిపోతుంది. తైమీర్‌లో పుట్టే రెడ్ నాట్ పక్షుల పిల్లలు అలాంటి ఏళ్లలో చిన్న శరీరంతో, పొట్టి ముక్కుతో ఎదుగుతున్నాయని 2016లో ప్రచురితమైన పరిశోధన చూపించింది.

లెమ్మింగుల విషయంలో మాత్రం ఎంత శ్రద్ధ పెట్టినా ఎక్కువ కాదు. ఇవి సుమారు మూడు నాలుగేళ్లకొకసారి విపరీతంగా పెరిగి, ఆ తరువాత ఒక్కసారిగా తగ్గిపోతాయి. అవి దండిగా ఉన్న ఏడాదిలో నక్కలూ, స్కువాలనే వేటాడే సముద్రపక్షులూ వాటినే తిని బతుకుతాయి కనుక గుడ్లకు పెద్దగా భయం ఉండదు. మంచు గుడ్లగూబలు కూడా ఆ ఏడాదే గూళ్లు పెడతాయి, నక్కను దగ్గరకు రానివ్వని ఆ గుడ్లగూబల చుట్టూ బ్రెంట్ జాతి పెద్దబాతులు చేరి గుడ్లు పెడతాయి. మరుసటి ఏడాది లెమ్మింగులు పోతాయి, పెరిగిన నక్కలు మాత్రం మిగులుతాయి, వాటి ఆకలి గూళ్ల మీద పడుతుంది. తైమీర్‌లో జరిగిన ఈ హెచ్చుతగ్గులు, శీతకాలంలో పశ్చిమ ఐరోపా తీరానికి చేరే బ్రెంట్ గుంపుల్లో పిల్లలు ఎన్ని ఉన్నాయో చూస్తే తెలిసిపోతాయి. అందుకే నడిచిన ప్రతిరోజూ ఎన్ని లెమ్మింగులు కనబడ్డాయో, మంచు కింద అవి గడ్డితో కట్టుకున్న చలికాలపు గూళ్లు ఎన్ని బయటపడ్డాయో రాయి. ఒక్కటీ కనబడని రోజు సున్నా వేయి. ‘కనబడలేదు’ అన్నది వేరు, ‘చూడలేదు’ అన్నది వేరు. ఖాళీగా వదిలిన గడిని చూసి ఆ రెండింటిలో ఏది నిజమో తరువాతి వాళ్లు తేల్చుకోలేరు.

గూటి దగ్గరకు వెళ్లేటప్పుడు నా తప్పు నువ్వు చేయకు. తొలి ఏళ్లలో డన్లిన్ అనే ఒక చిన్న ఉల్లంకి జాతి పక్షి గూటికి రోజూ ఒకే దారిన, తిన్నగా వెళ్లి, వచ్చిన దారినే తిరిగి వచ్చేవాణ్ణి. అయిదో రోజు నా అడుగుల వెంటే నక్క నడిచిన జాడ కనిపించింది, గూడు ఖాళీగా ఉంది. ఆ బాధ నన్ను ఇప్పటికీ వదలలేదు. గూటిని పక్కగా దాటుకుంటూ సాగిపో, ఆగవలసి వస్తే నిమిషం మించనివ్వకు, చలిగాలిలోనూ వానలోనూ తల్లిని అసలు లేపకు.

ఉల్లంకి జాతి పక్షుల గూడంటే నాచులో అరచేయంత గుంట, అడుగున ఎండిన విల్లో ఆకులు, మొనలు లోపలికి తిరిగిన నాలుగు గుడ్లు, అంతే. అవి ఎన్నాళ్లుగా పొదగబడుతున్నాయో తెలియాలంటే ఒక గుడ్డును మరీ చల్లగా లేని నీటిలో మెల్లగా ఉంచి చూడు. కొత్త గుడ్డు అడుగున అడ్డంగా పడుకుంటుంది, రోజులు గడిచినది నిలువుగా లేస్తుంది, పొదగడం చివరికొచ్చినది పైకి తేలుతుంది. పొదగడానికి చాలా జాతులకు మూడు వారాలు పడుతుంది కనుక పిల్లలు ఎప్పుడు వస్తాయో దీనితో లెక్కకట్టవచ్చు. ఆ తేదీ దాటాక గూడు ఖాళీ అయితే, అడుగున ఉన్న ఆకుల్ని వేలితో విడదీసి చూడు. నూకల్లాంటి పెంకు ముక్కలు కనబడితే పిల్లలు బయటపడినట్లే. తేదీకి ముందే ఖాళీ అయి, ఆ ముక్కలు కూడా లేకపోతే ఎవరో తినేశారని రాసుకో.

పిల్లలు పుట్టగానే సామాను సర్దుకుని వచ్చేయకు. అవి ఒక్క రోజులోనే గూడు విడిచి తమ తిండి తామే వెతుక్కుంటాయి గాని, తొలి వారంలో ఒంటి వేడిని నిలుపుకోలేవు. చలిగాలి, వాన కలిసిన రోజున అవి తల్లి లేక తండ్రి రెక్కల కిందే ఎక్కువసేపు ఉండవలసి వస్తుంది, పురుగులు కూడా బయటికి రావు. జూలైలో రెండు మూడు రోజుల అలాంటి వాతావరణం, నక్క ముట్టని పిల్లల్ని కూడా తీసుకుపోతుంది. కనుక ఆ నెలంతా అక్కడే ఉండి, ఉష్ణోగ్రతను, గాలిని, వానను గంటతో సహా రాయి. అక్కడ సూర్యుడు అస్తమించడు, గడియారం చూడకపోతే రోజులు కలిసిపోతాయి. పుస్తకానికి నకలు రాసి వేరే సంచిలో ఉంచు.

ఇట్లు,
నీ పెదనాన్న