ఈఎంఐ కట్టడానికి చేసే పార్ట్‌టైమ్ ఉద్యోగం వద్దు

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఫీజు, హాస్టల్ ఇంట్లోవాళ్లే కడుతున్నారు కానీ నాన్న ఆదాయం ఒక నెల ఉన్నట్టు ఇంకో నెల ఉండదు. నా ఖర్చులు నేనే చూసుకోవాలని పార్ట్‌టైమ్ పని వెతికితే రెండు దొరికాయి. ఒకటి కాలేజీ లైబ్రరీలో, వారానికి 12 గంటలు. రెండోది సాయంత్రం నుంచి రాత్రి వరకు డెలివరీ, వారానికి 30 గంటలు. డెలివరీలో లైబ్రరీ జీతానికి రెట్టింపు వస్తుంది. కాకపోతే బైక్ కావాలి. స్కాలర్‌షిప్‌లో దాచుకున్న డబ్బు, అంటే సుమారు ఒక సెమిస్టర్ ఫీజు, డౌన్‌పేమెంట్‌గా కట్టి మిగతాది ఈఎంఐలో తీసుకుందామని ఆలోచన. సంపాదనలో 30 శాతం ఈఎంఐకి, 20 శాతం పెట్రోలుకు పోతుంది. ఏదైనా నెల తక్కువైతే లోన్ యాప్‌లో సర్దుకోవచ్చని ఫ్రెండ్స్ అంటున్నారు. షోరూమ్‌లో కొంత అడ్వాన్స్ కూడా ఇచ్చాను. ఇది సరైన నిర్ణయమేనా?

జవాబు: కాదు. లైబ్రరీలో చేరండి, బైక్ ఆలోచన మానుకోండి. మీ ఉత్తరాన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. చదువుకుంటూ పని వెతికే పిల్లల్లో చాలామంది ఎంత వస్తుందన్నదే చూస్తారు. అది చేతికి రావాలంటే ముందు ఎంత పెట్టాలో, ఎన్ని గంటలు పోతాయో లెక్కేయరు.

మీ అంకెలతోనే చూద్దాం. డెలివరీలో నెలకు 100 వస్తుందనుకోండి. ఈఎంఐ 30, పెట్రోలు 20. సర్వీసింగ్, టైర్లు, బండి బీమా మీరు రాయలేదు, వాటికి ఎంత తక్కువ వేసుకున్నా 8. మిగిలేది 42. లైబ్రరీలో వచ్చేది 50, అది పూర్తిగా మీ చేతికే వస్తుంది. అంటే 30 గంటలు తిరిగితే 42, 12 గంటలు కూర్చుంటే 50. గంటకు మిగిలేదాన్ని బట్టి చూస్తే లైబ్రరీ దాదాపు మూడు రెట్లు మేలు.

ఇక సమయం. వారానికి 168 గంటలు. నిద్రకు 56, క్లాసులు, ల్యాబులకు 28, సొంతంగా చదువుకోవడానికి 28, తిండి, స్నానం, రాకపోకలకు రోజుకు నాలుగు గంటల చొప్పున ఇంకో 28. మొత్తం 140. మిగిలింది 28 గంటలే, డెలివరీ అడిగేది 30. ఆ తేడా మొదట నిద్రలోంచి పోతుంది, తర్వాత చదువులోంచి. విదేశీ విద్యార్థులు చదువు జరిగే రోజుల్లో పని చేయడానికి బ్రిటన్ డిగ్రీ స్థాయిలో వారానికి 20 గంటలు, కెనడా 24 గంటలు, ఆస్ట్రేలియా రెండు వారాలకు 48 గంటలు పరిమితి పెట్టాయి. మీకు ఆ నిబంధన లేకపోయినా, కొలతగా పెట్టుకోండి. నా మాట అడిగితే మొదటి సెమిస్టర్‌లో 15 గంటలు దాటొద్దు.

అసలు నన్ను కలవరపెట్టింది లోన్ యాప్ మాట. ఇలాంటి అప్పుల్లో ఫీజు ముందే కోసుకోవడం మామూలే. 100 అప్పు రాసి 80 చేతికిచ్చి, వారంలో 100 కట్టమన్నారనుకోండి. 80కి వారానికి 20, అంటే 25 శాతం. ఏడాదికి లెక్కేస్తే 1,300 శాతం. దీన్ని సర్దుబాటు అనరు. పరీక్షల నెలలో మీరు డెలివరీకి వెళ్లలేరు, ఆదాయం ఉండదు. ఈఎంఐ తేదీ మాత్రం ఆగదు. అప్పుడు ఒక యాప్ అప్పు తీర్చడానికి ఇంకో యాప్ తెరుస్తారు. దయచేసి ఆ దారిలోకి వెళ్లకండి. ఫోన్‌లో ఇప్పటికే యాప్ ఉంటే తీసేయండి.

ఆ ఒక సెమిస్టర్ ఫీజు డబ్బు ఇప్పుడు మీకున్న ఒకే ఒక్క రక్షణ. నాన్న ఆదాయం నిలకడగా లేదని మీరే రాశారు. ఏదో ఒక సెమిస్టర్‌లో ఫీజు గడువు రోజుకు ఇంట్లో డబ్బు అందకపోవచ్చు. ఆ రోజు బైక్ అమ్మినా కట్టినంత తిరిగి రాదు, పైగా దాని మీద అప్పు ఉంటుంది. చదువుకునే రోజుల్లో నేను ఒక ట్యూషన్ సెంటర్‌లో సాయంత్రాలు పాఠాలు చెప్పేవాణ్ని. ఒకసారి వరసగా రెండు నెలలు జీతం ఆపేశారు. అదే సమయంలో పరీక్ష ఫీజు గడువు వచ్చింది. పక్కన కొంత డబ్బు ఉండబట్టి ఆ పరీక్ష రాయగలిగాను. అత్యవసర నిధి గురించి అందరికీ పదేపదే చెప్పడం అప్పటి నుంచే అలవాటైంది.

కాబట్టి ఆ డబ్బును వేరే ఖాతాలో పెట్టండి. దానికి కార్డు, ఫోన్ పేమెంట్ ఏదీ కలపొద్దు. ఎక్కువ వస్తుందని షేర్లలో పెట్టొద్దు. దాని మీద మూడు నెలల సొంత ఖర్చు కూడబెట్టాలి. మీ ఖర్చు నెలకు 30 అనుకుంటే, లైబ్రరీ జీతంలోంచి 20 మిగులుతుంది. 90 కావాలి, అయిదు నెలల్లోపే వచ్చేస్తుంది. జీతం పడిన రోజే ఆ 20 పక్కకు తీయండి, నెలాఖరుకు మిగిలింది దాస్తానంటే ఏమీ మిగలదు. నిధి పూర్తయ్యేదాకా కొత్త ఫోన్, ట్రిప్పు, ఏదీ వద్దు.

ఆరోగ్య బీమా సంగతి కూడా ఇంట్లో అడగండి: కుటుంబ పాలసీలో మీ పేరు ఉందా, ఏ వయసు వరకు ఉంటుంది? సొంత వాడకానికి బీమా చేసిన బండితో డెలివరీ చేస్తూ ప్రమాదం జరిగితే క్లెయిమ్ తిరస్కరించే అవకాశం ఉంది. డెలివరీ చేస్తున్న మీ ఫ్రెండ్స్‌కు ఈ మాట చెప్పండి.

ట్యూషన్లు, ఇంటి నుంచి చేసే టైపింగ్, డిజైన్ పనులు కూడా మంచివే, సెలవుల్లో చూసుకోండి. పని ఇవ్వడానికి ముందే డిపాజిట్ అడిగితే అది ఉద్యోగం కాదు, మోసం.

లైబ్రరీలో చేరే ముందు మూడు విషయాలు అడగండి. పరీక్షల ముందు గంటలు తగ్గించుకోవచ్చా, జీతం ఏ తేదీకి వస్తుంది, సెలవుల్లో పని ఉంటుందా? జవాబులు కాగితం మీదో, మెయిల్‌లోనో తీసుకోండి.

షోరూమ్‌కు రేపే వెళ్లి అడ్వాన్స్ వెనక్కి అడగండి. రసీదు తీసుకెళ్లండి. కొంత కోసుకుని ఇస్తామంటే తీసుకోండి. అసలు ఇవ్వం అన్నా, ఆ డబ్బు పోతుందని మాత్రం బండి కొనకండి. అప్పు కాగితాల మీద సంతకం చేసి ఉంటే, రద్దు గడువు ఎప్పటి వరకు ఉందో ఈ రాత్రే చదవండి.