జిప్సీకి మరో ఇంజనా? ముందు రేడియేటర్ చూడండి

ప్రశ్న: మాది 2004 మోడల్ మారుతీ జిప్సీ, 1.3 లీటర్ల పెట్రోల్ ఎంపీఎఫ్‌ఐ. ఘాట్ ఎక్కుతుండగా టెంపరేచర్ ముల్లు బాగా పైకి పోయి, కాసేపటికి దానంతటదే కిందికి దిగింది. చల్లారిందనుకుని ఇంకో రెండు కిలోమీటర్లు నడిపాం. ఆ తర్వాత ఇంజన్ పట్టేసింది. హెడ్ (ఇంజన్ పైభాగం) విప్పితే దాని కింది గాస్కెట్ కాలిపోయి ఉంది, మూడో సిలిండర్‌లో లోతుగా గీతలు పడ్డాయి. మారుతీ ఎస్టీమ్ కారు ఇంజన్ చౌకగా దొరుకుతోంది, అది వేసేద్దామని మెకానిక్ అంటున్నాడు. వేయొచ్చా?
- ఒక పాఠకుడు, పాడేరు

జవాబు: ముల్లు దిగింది ఇంజన్ చల్లారి కాదు, నీళ్లు అయిపోయి. సెన్సర్ నీళ్లలో మునిగి ఉన్నంతసేపే సరైన వేడి చూపిస్తుంది. చుట్టూ ఆవిరి మాత్రమే మిగిలితే ముల్లు కిందికి వచ్చేస్తుంది. ఈ ఇంజన్‌కు బ్లాకు (సిలిండర్లుండే కింది భాగం), హెడ్ రెండూ అల్యూమినియమే కాబట్టి నీళ్లు లేకుండా రెండు కిలోమీటర్లు నడిస్తే దెబ్బ తినక తప్పదు.

అందుకే కొత్త ఇంజన్ సంగతి కంటే ముందు, ఆ నీళ్లు ఎటు పోయాయో తేల్చండి. కారణం బండిలోనే ఉండిపోతే రెండో ఇంజన్ కూడా అదే ఘాట్‌లో పోతుంది. రేడియేటర్ విప్పి పైనుంచి పైపుతో నీళ్లు పట్టండి. పోసినంత ధారగా కింద రాకపోతే రాడింగ్ (గొట్టాల్లో కడ్డీ దూర్చి శుభ్రం) చేయించాలి, లేదా కోర్ మార్చాలి. ఫ్యాన్‌కు విస్కస్ క్లచ్ ఉంటుంది, ఇంజన్ వేడెక్కినప్పుడు అది ఫ్యాన్‌ను పట్టుకుంటుంది. ఇంజన్ బాగా వేడిగా ఉన్నప్పుడు ఆపేసి, చేత్తో తిప్పితే ఫ్యాన్ బిగువుగా కదలాలి. గిర్రున నాలుగు చుట్లు తిరిగిందంటే ఆ క్లచ్ పోయినట్టే. ఫ్యాన్ చుట్టూ తొడుగులా ఉండే ష్రౌడ్‌ను చాలా పాత బండ్లలో ఎప్పుడో తీసి పారేసి ఉంటారు. అది లేకపోతే ఫ్యాన్ ఉన్న గాలినే తిప్పుతుంది తప్ప రేడియేటర్ గుండా లాగదు. మెల్లగా ఘాట్ ఎక్కే బండికి ఆ లోటు బాగా తెలుస్తుంది. థర్మోస్టాట్ (వేడిని బట్టి నీళ్లకు దారి తెరిచే వాల్వ్) పీకేస్తే చల్లగా ఉంటుందనే మాట నమ్మకండి. దాన్ని నీళ్ల గిన్నెలో వేసి మరిగించండి. దానిమీద కొట్టి ఉన్న డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలుపెట్టాలి.

ఇక ఎస్టీమ్ ఇంజన్. రెండూ జీ13బీబీ కుటుంబమే. బోరు (సిలిండర్ వెడల్పు) 74 మిల్లీమీటర్లు, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 75.5, మొత్తం 1298 సీసీ. అయితే ఎస్టీమ్‌లో అది అడ్డంగా కూర్చుని ముందు చక్రాలను తిప్పుతుంది, జిప్సీలో నిలువుగా కూర్చుంటుంది. కాబట్టి బ్లాకు, హెడ్ మాత్రమే దానివి వాడుకోండి. సంపు (అడుగున ఆయిల్ నిలిచే తొట్టి), ఆయిల్ స్ట్రైనర్ (పంపు ఆయిల్ పీల్చే జల్లెడ), మౌంటింగ్ బ్రాకెట్లు, మానిఫోల్డులు, ఫ్లైవీల్, సెన్సర్లు మీ పాత ఇంజన్ నుంచే మార్చుకోవాలి. పని పూర్తయ్యేదాకా పాత ఇంజన్‌ను స్క్రాప్‌కు ఇవ్వొద్దు. జిప్సీ ముందు యాక్సిల్ ఇంజన్ కిందే పైకీ కిందికీ ఆడుతుంది, దానికి చోటిచ్చే ఆకారంలో సంపు చేశారు. సంపు ఒకదానిది, స్ట్రైనర్ ఇంకోదానిది అయితే అడుగున ఆయిల్ ఉండగానే పంపుకు అందదు.

కొనేముందు రాకర్ కవర్ తీయించి, వాల్వులను నొక్కే క్యామ్ లోబ్‌లు చూడండి. గోరు తగిలేంత అరుగు ఉంటే వద్దనండి. ఆయిల్ మూత లోపల పెరుగులాంటి తెల్లటి జిగురుంటే అందులోకి కూడా నీళ్లు దిగాయన్నమాట. కంప్రెషన్ (సిలిండర్‌లో ఒత్తిడి) ప్రతి సిలిండర్‌కూ చదరపు సెంటీమీటర్‌కు 14 కేజీల దరిదాపుల్లో రావాలి, సిలిండర్ల మధ్య తేడా ఒక కేజీ దాటకూడదు. హెడ్ విప్పి ఉంటే మీద స్టీలు స్కేలు పెట్టి కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకులు) దూర్చండి. 0.05 మిల్లీమీటర్ రేకు దూరితే లేత్ షాపులో ఫేసింగ్ (చదును) చేయించాల్సిందే. క్రాంక్ షాఫ్టు ముందు కొసన పుల్లీని పట్టి ఉంచే తాళం గాడి అరిగి ఉందేమో చూడటం చాలామంది మరచిపోతారు. అది అరిగితే టైమింగ్ (వాల్వులు తెరుచుకునే వేళ) నిలవదు.

ఇంజన్ బయట ఉండగానే టైమింగ్ బెల్టు, టెన్షనర్, వాటర్ పంప్, క్రాంక్ ముందు వెనక ఆయిల్ సీళ్లు, క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, పైలట్ బేరింగ్ (క్రాంక్ వెనక కొసన గేర్‌బాక్స్ షాఫ్టును పట్టేది) కొత్తవి వేయించండి. వెనక సీలుకు అయ్యే ఖర్చు తక్కువే. తర్వాత అది కారితే మాత్రం గేర్‌బాక్స్ మళ్లీ దించాలి.

మొదటిసారి స్టార్ట్ చేసేముందు ఫ్యూయల్ పంప్ రిలే తీసేసి, ఆయిల్ ల్యాంపు ఆరేదాకా పది సెకన్ల చొప్పున ఆగి ఆగి సెల్ఫ్ కొట్టండి. నీళ్లు పోసేటప్పుడు బండి ముందుభాగం ఎత్తులో ఉండాలి, హీటర్ వాల్వ్ తెరిచి ఉండాలి. లేకపోతే లోపల గాలి చిక్కుకుని మళ్లీ వేడెక్కుతుంది. 500 కిలోమీటర్లకు ఆయిల్, ఫిల్టర్ మార్చండి.

ప్రశ్న: ఇంజన్ మార్చాక క్లచ్ పూర్తిగా విడవడం లేదు. రివర్స్ వేస్తే గరగరమంటోంది. ఇంజన్ ఆపితే గేర్లు సాఫీగా పడుతున్నాయి. గేర్‌బాక్స్ పాడైందా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఆపినప్పుడు సాఫీగా పడుతున్నాయంటే గేర్‌బాక్స్‌ను అనుమానించనక్కర్లేదు. మొదట కేబుల్ సర్దుబాటు చూడండి. అది సరిగా ఉంటే తప్పు బిగింపులో జరిగింది. గేర్‌బాక్స్‌ను జాకీ మీద నిలపకుండా షాఫ్టుకు వేలాడనిస్తే ఆ బరువుకు క్లచ్ ప్లేటు వంగుతుంది. ప్లేటు తిరగేసి బిగించినా, పైలట్ బేరింగ్ ఎండిపోయినా ఇదే లక్షణం. ఏదైనా గేర్‌బాక్స్ మళ్లీ దించాలి. ఈసారి ప్లేటును డమ్మీ షాఫ్టుతో మధ్యకు తెచ్చి బిగించమనండి. ఇంజన్‌కూ గేర్‌బాక్స్ హౌసింగ్‌కూ మధ్య సందు చుట్టూ సమానంగా ఉండి, చేత్తో నెడితే కలవాలి. కలవకపోతే బోల్టులతో లాగి బిగించనివ్వకండి, హౌసింగ్ చెవి విరుగుతుంది.

ప్రశ్న: మహీంద్రా ఎంఎం 540 జీపులో ప్యూజో డీజిల్ ఇంజన్ బోరుకు వచ్చింది (సిలిండర్లు అరిగాయి). మహీంద్రా పెద్ద డీఐ డీజిల్ ఇంజన్ వేస్తే ఆర్‌సీలో ఇబ్బందా?
- ఒక పాఠకుడు, మదనపల్లె

జవాబు: ఇబ్బందే. మీ ఆర్‌సీలో ఉన్నది 2112 సీసీ, డీఐ 2523 సీసీ. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. అదే రకం ఇంజన్ వేసినా ఆర్‌టీఏ అనుమతి ముందే తీసుకోవాలి. అనుమతి లేకుండా మార్చేసి ఉంటే 14 రోజుల్లో తెలియజేయాలి. ఇంజన్ అమ్మినవారి బిల్లు, దానిమీద ఇంజన్ నంబర్ లేకుండా డబ్బు ఇవ్వకండి. 15 ఏళ్లు దాటిన బండికి ఆర్‌సీ రెన్యువల్ అప్పుడు ఇన్‌స్పెక్టర్ ఆ నంబర్‌ను చూస్తారు. బీమా కంపెనీకీ కొత్త నంబర్ రాసి పంపండి. మీ ఇంజన్ బోరుకే వచ్చింది కాబట్టి, బ్లాకు పగలకపోతే దాన్నే బోరు చేయించి, క్రాంక్ గ్రైండింగ్ చేయించుకోవడం మేలు. అలా చేస్తే ఇంజన్ నంబర్ మారదు, ఆర్‌సీ జోలికే పోనక్కర్లేదు.