పిల్లవాణ్ణి పట్టుకోక తప్పనప్పుడు

చిరంజీవికి ఆశీస్సులు.

జువెనైల్ హోంలో డ్యూటీ ఎక్కేముందు నిర్బంధంలో ఉన్న పిల్లల రక్షణ కోసం ఐక్యరాజ్య సమితి 1990లో ఆమోదించిన హవానా నియమాల్లో 63, 64 రెండుసార్లు చదువు బాబూ. పిల్లవాడు తనను గాయపరచుకోబోతున్నా, ఇంకొకరిని గాయపరచబోతున్నా, ఆస్తిని తీవ్రంగా ధ్వంసం చేయబోతున్నా, మిగతా దారులన్నీ మూసుకుపోయాకే బలప్రయోగం. అదీ చట్టం ఒప్పుకున్న పద్ధతిలో, అధికారి ఆదేశంతో, వీలైనంత తక్కువసేపు. తిట్టాడనో, గదిలోకి పొమ్మంటే మొరాయించాడనో చెయ్యి వేస్తే అది శిక్షే. దానికి నీకు హక్కు లేదు.

ముందు మాటతో ప్రయత్నించు. మాట్లాడేది ఒక్కరే. నలుగురు నాలుగు వైపులా అరిస్తే వాడికి ఏదీ చెవికెక్కదు. రెండు చేతుల పొడవంత దూరంలో కాస్త పక్కకు తిరిగి నిలబడు, తలుపుకు అడ్డం ఉండకు. చుట్టూ చూస్తున్న పిల్లల్ని పంపించేయ్. తోటివాళ్ల ముందు పరువు పోతుందనే సగం మంది వెనక్కి తగ్గరు. వెనక నుంచి మాత్రం పట్టుకోకు. దెబ్బలు తిని పెరిగిన పిల్లవాడు ప్రాణభయంతో తిరగబడతాడు.

అన్నిటికన్నా భయపడాల్సింది ఊపిరి గురించి. బోర్లా పడుకోబెట్టి వీపు మీద మోకాలు ఆనిస్తే ఛాతీ, పొట్ట కదలవు. పెనుగులాటలో ఒంటికి ఎక్కువ గాలి కావాల్సిన సమయంలోనే అది అందకుండా పోతుంది. అప్పుడు వాడు ఇంకా గింజుకుంటాడు. అది మొండితనమనుకుని బరువు పెంచుతారు, అక్కడే ప్రాణం పోతుంది. ‘మాట్లాడుతున్నాడుగా, ఊపిరి ఆడుతోందిలే’ అనేవాళ్ల మాట నమ్మకు. మెడ మీద, ఛాతీ మీద, వీపు మీద బరువు పడకూడదు. కింద పడితే వెంటనే పక్కకు తిప్పు, లేదా కూర్చోబెట్టు. ఉన్నట్టుండి చల్లబడిపోతే లొంగాడనుకోకు: వదిలేసి ఊపిరి, నాడి చూడు, వైద్య సాయం పిలిపించు. అందుకే ఒకరు పట్టుకోకుండా తల దగ్గర ఉండి ముఖాన్నే గమనించాలి. ఆ మనిషి ‘వదలండి’ అంటే అందరూ వదలాల్సిందే. ఉబ్బసం, గుండె జబ్బు, మూర్ఛ, గర్భం ఉన్నవాళ్లెవరో డ్యూటీ మొదట్లోనే తెలుసుకో.

మీ దగ్గర బేడీలకు అనుమతి ఉంటే, మణికట్టుకీ బేడీకీ మధ్య వేలు దూరాలి. బిగుసుకోకుండా రెండో లాక్ వేయి. గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో ఎర్రదనం తిరిగి రావాలి. బొటనవేలు తిమ్మిరంటే నరం నలుగుతోందన్నమాట, వెంటనే సడలించు. మంచానికీ, గోడకీ కట్టకు. చేతుల్ని కాళ్లతో కలిపి అసలు కట్టకు. ఒంటరిగా ఒక్క నిమిషం వదలకు.

ప్రమాదం తగ్గిన క్షణమే పట్టు వదిలేయ్. క్షమాపణ చెప్పేదాకా ఆగకు. గాయం కనబడకపోయినా వైద్య పరీక్ష చేయించు, పై అధికారికి తెలియజేయి, సీసీటీవీ రికార్డు చెరిగిపోకముందే భద్రపరచు.

రిజిస్టర్‌లో మొదలైన సమయం, వదిలిన సమయం, ఎవరు ఎక్కడ పట్టుకున్నారు, ముందు ఏం ప్రయత్నించారు, అన్నీ ఉండాలి. ‘దురుసుగా ప్రవర్తించాడు’ అంటే ఎవరికీ ఏమీ తెలియదు. ‘కుర్చీ ఎత్తి పక్కవాడి తల మీదికి విసరబోయాడు’ అని రాయి. పిల్లవాడు స్థిమితపడ్డాక, వాణ్ణి పట్టుకోని ఉద్యోగి ఒకరు కూర్చుని వాడు చెప్పేది వాడి మాటల్లోనే రాసుకోవాలి. ఆ కాగితం నీ కాగితం పక్కనే ఫైల్లో ఉండాలి.

పెదనాన్న