చవకైన సింగిల్ బోర్డ్ కంప్యూటర్లు పాత కెర్నల్ దగ్గరే ఎందుకు ఆగిపోతాయి?

పీసీలో చాలా పరికరాలను ఆపరేటింగ్ సిస్టమే గుర్తించగలదు. ఆర్మ్ చిప్‌తో నడిచే చవక బోర్డులలో (ఒకే సర్క్యూట్ బోర్డుపై అమర్చిన కంప్యూటర్లలో) మాత్రం ఏ పరికరం ఏ చిరునామాలో ఉందో సాధారణంగా డివైస్ ట్రీ (బోర్డులోని హార్డ్‌వేర్‌ను వివరించే జాబితా) ద్వారా కెర్నల్‌కు, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్రభాగానికి, తెలియజేయాలి, ఆపైన ప్రతి భాగానికీ తగిన డ్రైవరు (దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) ఉండాలి. చిప్ తయారీ సంస్థలు తరచుగా ఒక పాత కెర్నల్‌కు తమ మార్పులను జోడించి అక్కడితో వదిలేస్తాయి. ఆ మార్పులు ప్రధాన లినక్స్ కెర్నల్‌లోకి చేరకపోతే, కొన్నేళ్లకు భద్రతా సవరణలు సైతం ఆ బోర్డుకు అందవు.

అసలు చిక్కు గ్రాఫిక్స్‌తోనే. తన మాలీ జీపీయూలకు (గ్రాఫిక్స్ ప్రాసెసర్లకు) ఆర్మ్ సంస్థ యూజర్‌స్పేస్ డ్రైవర్లను (కెర్నల్ బయట నడిచే భాగాన్ని) సోర్స్ కోడ్ లేకుండా బైనరీ రూపంలోనే ఇస్తూ వచ్చినందున, స్వతంత్ర డెవలపర్లు హార్డ్‌వేర్ ప్రవర్తనను ఓపికగా పరిశీలించి లీమా, పాన్‌ఫ్రాస్ట్ డ్రైవర్లను నిర్మించారు. నా దృష్టిలో ఇది ఈ రంగంలోకెల్లా విలువైన శ్రమ. ఆ రెండూ 2019లో లినక్స్ 5.2లో చేరాయి, రాక్‌చిప్ సంస్థ ఆర్‌కే3588 చిప్‌లోని కొత్త తరం మాలీకి పాంథర్ డ్రైవరు 2024లో 6.10తో వచ్చింది. రాస్ప్‌బెర్రీ పై బోర్డు విషయంలో, 2014లో చిప్ తయారీ సంస్థ బ్రాడ్‌కామ్ అందులోని వీడియోకోర్ 4 గ్రాఫిక్స్ పత్రాలను విడుదల చేయడం ఈ దారిని సులభం చేసింది.

కాబట్టి బోర్డు కొనేముందు ర్యామ్, కోర్ల సంఖ్యకన్నా ముందుగా, దాని డివైస్ ట్రీ ప్రధాన కెర్నల్‌లో ఉందో లేదో, వైఫై, వీడియో డీకోడింగ్ అక్కడ పనిచేస్తున్నాయో లేదో చూడండి.