ఆటవెలదితో ఆడుకోండి

ప్రశ్న: కంద పద్యం రాయబోతే యతి (పాదం మొదటి అక్షరానికి పాదం మధ్యలో కుదరాల్సిన అక్షరమైత్రి) కుదిరినచోట ప్రాస (అన్ని పాదాల్లో రెండో అక్షరంగా ఒకే హల్లు రావడం) చెడుతోంది, రెండూ కుదిరితే అర్థం పోతోంది. మానేయమంటారా?

జవాబు: మానకండి, కొన్నాళ్లు ఛందస్సు మార్చి ఆటవెలది రాయండి. ‘కందం రాసినవాడే కవి’ అన్న నానుడి ఊరికే పుట్టలేదు: ప్రాస తప్పనిసరి, రెండేసి పాదాలు కలిపి లెక్కిస్తే బేసి గణాల్లో జగణం (లఘువు, గురువు, లఘువు) నిషిద్ధం, ఆరవ గణం నలమో (నాలుగు లఘువులు) జగణమో కావాలి. ఆటవెలదికి ప్రాస నియమం లేదు. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాల (గురువు, లఘువు; లేదా మూడు లఘువులు) తర్వాత రెండు ఇంద్రగణాలు (నల, నగ, సల, భ, ర, త గణాల్లో ఏవైనా), 2, 4 పాదాల్లో అయిదు సూర్యగణాలు వేసి, నాలుగో గణం మొదట యతినో ప్రాసయతినో (యతికి బదులు రెండో అక్షరాల పొంతన) పాటిస్తే సరిపోతుంది. గంభీరమైన వస్తువులను పక్కన పెట్టి, రాని బస్సు మీదో, మాడిన ఉప్మా మీదో రోజూ ఒక పాదం అల్లండి. మిత్రులు దొరికితే, సంబంధం లేని నాలుగు మాటలిచ్చి పద్యంలో ఇమిడ్చమనే దత్తపదిని ఆడండి. అర్థం వంకరపోయినా ఫరవాలేదు (నవ్వుకోవచ్చు కదా), గణాన్ని మాత్రం సడలనివ్వకండి. నడక చెవికి పట్టాక మళ్లీ కందం ఎత్తుకోండి.