టెలిప్రాంప్టర్ లేకుండా వార్తలు చదవగలనా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. ఇక్కడి కేబుల్ చానల్‌లో తెలుగు వార్తలు చదవమంటున్నారు. చదవాల్సిన వార్త కెమెరా ముందు తెరమీద కనిపించే టెలిప్రాంప్టర్ లేదట. టెన్షన్‌గా ఉంది. నా వల్ల అవుతుందా అక్కా?

జవాబు: నిక్షేపంగా అవుతుందమ్మా. 1983 నవంబరు 14న హైదరాబాద్ దూరదర్శన్‌లో తొలి తెలుగు వార్తలు చదివిన శాంతిస్వరూప్ గారికీ టెలిప్రాంప్టర్ లేదు. స్క్రిప్టు బట్టీపట్టి, కెమెరా వైపు చూస్తూ చెప్పేవారు. ఆ గొంతులో తొందర నేనెప్పుడూ వినలేదు.

బరంపురం కేబుల్లో చదివేటప్పుడు నేను కాగితానికి ఒకవైపే పెద్ద అక్షరాలతో రాసుకునేదాన్ని. ఊపిరి తీసుకోవాల్సిన చోట ఎర్ర గీత. కాగితం బల్లమీదే ఉంచు, చేత్తో పట్టుకుంటే మైకులో గరగరమంటుంది. మీ గజపతి జిల్లాలో సవర ఊళ్ల పేర్లు వస్తుంటాయి. ఆ ఊరివాళ్లనే అడిగి పలుకు, అది వాళ్లకివ్వాల్సిన మర్యాద. జీతం సంగతి ముందే మాట్లాడుకో.